ఆ పొట్లం వెలగకూడదు

మా ఇంటామె చేసిన పనిని నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కూతురు కాలేజీలో తయారుచేసిన పొడిని విభూతి అనుకుని మనవరాలి నోట్లో వేసిందట, ఈ కాలంలో కూడా ఇట్లాంటివాళ్ళు ఉన్నారా, అంటారు. నవ్వేవాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళే ఎక్కువ. ఆ రోజు మా ఇంట్లో మేము పడిన భయంలో పావు వంతు తెలిసినా ఆ నవ్వు వాళ్ళ నోట్లోనే ఆగిపోయేది. తెలియదు కాబట్టి రాస్తున్నాను.

నేను బడికి పోయింది తక్కువ. అనంతపురంలో కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టి బతికినవాణ్ణి. బోర్లలో నీళ్ళు అందక మోటారు ఉత్తగా తిరిగి కాలిపోయేది. దాన్ని భుజాన వేసుకుని రైతు నా దగ్గరికి వచ్చేవాడు. కరువు ముదిరేకొద్దీ నాకు చేతినిండా పని. ఆ పని చూసి ఏనాడూ సంతోషపడలేదు. చదువంతా గ్రంథాలయంలో నేర్చుకున్నాను. తీగలో పారేది ఏమిటో తెలుసుకుందామని మొదలుపెట్టి, ఒక పుస్తకం వెంట ఇంకో పుస్తకం పట్టుకుని అణువు దాకా పోయాను. మా అమ్మాయి భౌతికశాస్త్రంలో పరిశోధనకు చేరినప్పుడు, ఆమె చెప్పేది అర్థం చేసుకునే మనిషి ఇంట్లో ఒకడున్నాడని నాకు లోపల గర్వంగా ఉండేది.

అల్లుడు మడకశిర దగ్గర పల్లెలో బడిపంతులు. వారానికొకసారి వచ్చిపోయేవాడు. అమ్మాయి, మూడేళ్ళ పాప మా దగ్గరే ఉండేవాళ్ళు. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన మాట ఇది.

అమ్మాయి పని జింకు ఆక్సైడుతో. అదేమీ వింత వస్తువు కాదు. పుండ్లకు పూసే మందులో, మొహానికి రాసుకునే పౌడరులో ఉండే తెల్లపొడే. దాన్ని ఆమె కంటికి ఆనని సన్నని కడ్డీలుగా పెంచేది. పెద్ద సూక్ష్మదర్శినిలో తీసిన ఫోటో ఒకటి తెచ్చి చూపించింది. కోత కోసిన చేనులో జొన్న మోళ్ళు నిలబడినట్టు ఉన్నాయి. ఇంత చిన్న వస్తువులో అంత పెద్ద చేను ఉందా అని చాలాసేపు చూశాను.

ఆ కడ్డీల మీద అతినీల కిరణాలు పడితే లోపలి ఎలక్ట్రాన్లు పైకి ఎగురుతాయి. మళ్ళీ కిందికి పడేటప్పుడు, ఎక్కిన శక్తిని వెలుగుగా విడిచిపెడతాయి. ఏమీ కలపని జింకు ఆక్సైడులో ఆ వెలుగు చాలావరకు కంటికి కనపడనిదే. దాంట్లో ఇంత రాగి కలిపితే, పడే ఎలక్ట్రాను మధ్యలో ఒక మెట్టు మీద ఆగి దిగుతుంది. అప్పుడు ఆకుపచ్చ వెలుగు వస్తుంది. ఏ లోహం కలిపితే ఏ వెలుగు వస్తుంది, ఎంత కలిపితే ఆరిపోతుంది, ఇదీ ఆమె వెతికేది. రాగి కలిపిన పొడి ఒకటి, కాడ్మియం కలిపిన పొడి ఒకటి అప్పటికి తయారయ్యాయి. ఆమె చేసిన కాడ్మియం పొడి వెలుగు కంటికి ఆనదు. దాన్ని కొలవాలంటే పెద్ద యంత్రం కావాలి. యంత్రం బెంగళూరులో ఉంది. మాకు నీళ్ళు లేవంటే ఆకాశాన్ని అడగమంటారు, సరే. వెలుగును కొలిచే పెట్టె లేకపోవడానికి కూడా ఆకాశమే కారణమా?

బజారులో గుడ్డలంగడి శెట్టి దగ్గర దొంగనోట్లు పట్టుకునే ఊదారంగు దీపం ఉండేది. ఒకరోజు అమ్మాయి ఆ రెండు పొడులూ దానికింద పెట్టి నాకు చూపించింది. రాగిది మిణుగురు పురుగులా వెలిగింది. పక్కన కాడ్మియంది చప్పగా, చచ్చినట్టు పడి ఉంది. "చూడు నాయనా, ఎంత అందంగా ఉండాదో," అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

బెంగళూరు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఆమె ఆ రెండు పొడులనూ ఇంటికి తెచ్చింది. పొద్దున బస్సు ఎక్కాలి, కాలేజీ తాళం తీసేదాకా ఆగితే ఆ బస్సు దొరకదు. మందుల షాపులో పొడి కట్టి ఇచ్చినట్టు, నూనె కాగితంలో మడిచి, పైన పెన్సిలుతో గుర్తు రాసిన పొట్లాలు. బల్ల మీద పెట్టి, పాపకు అన్నం పెట్టడానికి పోయింది.

పీర్ల పండుగ అప్పుడే అయిపోయింది. మా వీధిలో ఆ పండుగకు హిందువుల ఇళ్ళవాళ్ళు కూడా పీర్ల ముందు నిలబడి మొక్కుతారు. గుండంలో కాలిన బూడిదను విభూతి అని పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకుంటారు. పిల్లలు జడుసుకుంటే నుదుట పెట్టి, మాడు మీద చల్లి, చిటికెడు నాలుక మీద వేస్తారు. మా దేవుని గూట్లోనూ అట్లాంటి పొట్లం ఒకటి ఉంది. మా ఇంటామె బల్ల మీద ఈ రెండింటిని చూసింది. ప్రయాణానికి పోయేముందు కూతురు పీర్లను నిలిపే చావిడి నుంచి తెచ్చుకుందనుకుంది. రాతలున్న కాగితం దేవుని దగ్గర ఉండకూడదు. అందుకని గూట్లో ఉన్న పాతదానితో కలిపి మూడింటినీ విప్పి, అంచుకు పసుపు రాసిన కొత్త తెల్లకాగితాల్లో మళ్ళీ కట్టి గూట్లో పెట్టింది. కళ్ళు మసకేసిన మనిషి. బూడిదరంగుకూ తెలుపుకూ తేడా ఆమెకు అప్పటికే తెలిసేది కాదు.

పొద్దున్నే వెనక వీధిలో బోరు వేసే లారీ పని మొదలుపెట్టింది. అది రాతిని తొలిచే శబ్దానికి పళ్ళు జిల్లుమంటాయి. ఉన్నట్టుండి గాలి ఎగదన్ని తెల్లటి దుమ్ము మా మిద్దెమీదికంతా వచ్చింది. నీళ్ళ చుక్క లేదు. పాప ఉలిక్కిపడి నిద్రలేచి, ఊపిరి తిరగకుండా ఏడ్చింది. ఎవరు ఎత్తుకున్నా ఊరుకోలేదు.

అమ్మాయి స్నానం చేసి వచ్చి సంచీ సర్దుకుంటూ అడిగింది.

"అమ్మా, ఈడ బల్ల మీద రెండు పొట్లాలు పెట్టింటిని. యాడ పెట్టినావు?"

"ఇబూదా? గూట్లో పెట్టినా. పీర్ల ఇబూది బల్ల మీద పారేస్తారా ఎవరన్నా? ఇంత చదివినావు, అది కూడా తెలీదా నీకు?"

"అది ఇబూది కాదమ్మా!"

"కాకపోతే ఏంది? జడుసుకున్నాది బిడ్డ. ఇప్పుడే ఒక పొట్లం తీసి, నోట్లో ఇంత ఏసి, మాడుకు, బొడ్డుకు పెట్టినా. చూడు, ఏడుపు ఆపేసింది."

అమ్మాయి పాపను లాక్కుని, కొంగుతో నాలుక తుడిచి, నోరు కడిగి, తల కడిగి, మళ్ళీ నోరు కడిగింది. పాప మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. నేను గూట్లో మిగిలిన రెండు పొట్లాలు విప్పాను. ఒకదాంట్లో బూడిదరంగు పొడి, చావిడి విభూతి. ఇంకోదాంట్లో తెల్లపొడి.

అంటే పాప తిన్నది తెల్లపొడే. రాగిదా, కాడ్మియందా? ఒకటి పాప కడుపులో ఉంది, ఒకటి నా చేతిలో ఉంది. ఏది ఎక్కడుందో చెప్పే గుర్తు లేదు. గుర్తు రాసిన కాగితాలు రాత్రే చెత్తలో పోయాయి. పాపకు వేసిన పొట్లం కాగితం, కాలికి తగలకూడదని, అంటుకున్న పొడితో సహా పొయ్యిలో పోయింది.

"కాడ్మియంది అయితే?" అన్నాను.

"అనొద్దు నాయనా," అంది అమ్మాయి.

చదువుకోకపోయి ఉంటే నేను అంత భయపడేవాణ్ణి కాదు. జపానులో ఒక నదిలో గనుల కాడ్మియం కలిసి, ఆ నీళ్ళతో పండిన బియ్యం తిన్నవాళ్ళకు ఎముకలు పెళుసైపోయి, దగ్గినా విరిగేవని ఎప్పుడో చదివాను. మూత్రపిండాల్లో చేరితే పోదని చదివాను. అది ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళ కథ, ఇది చిటికెడు, అని నాకు నేను చెప్పుకున్నాను. పాప చేతులు చూస్తే ఆ మాట నిలబడలేదు. నా బొటనవేలంత లేదు ఆ మణికట్టు.

ఆటోలో పెద్దాసుపత్రికి పోయేలోపు పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. అక్కడి డాక్టరు చిన్నవయసువాడు. మంచివాడే. మా అమ్మాయి చెప్పినదంతా విని, నుదురు రుద్దుకున్నాడు.

"జింకు ఒక్కటే అయితే నాకు భయం లేదు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు మేమే జింకు ఇస్తాం. రాగి కొంచెం ఉన్నా ఇక్కడే చూసుకుంటాను. కాడ్మియం అంటే మాత్రం రక్తపరీక్షకు కూడా ఇక్కడ దిక్కులేదు, బెంగళూరు తీసుకుపోవాలి. ఏది తినిందో చెప్పండి."

"ఏదైతే ఏమి సార్, ఇప్పుడే పోతాం," అన్నాను.

"పెద్దాయనా, బిడ్డ ఒంట్లో నీళ్ళు పోయినాయి. ఈ ఎండలో ఊరికే అంతదూరం తిప్పితే అదే ప్రమాదం. ముందు సెలైను ఎక్కనీండి. ఈలోపు అది ఏదో కనుక్కుని రాండి."

పోతే ఒక భయం, పోకపోతే ఒక భయం. మా ఇంటామె మంచం కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని ఉంది. పాప చెయ్యి చాస్తున్నా దగ్గరికి పోలేదు. తన కుడిచేతిని చీరకొంగులో చుట్టి దాచుకుంది.

అమ్మాయి నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. ఇద్దరికీ ఒకటే తట్టింది. శెట్టి దీపం.

లెక్క మామూలు లెక్కే. మా చేతిలో ఉన్న పొడి వెలగకపోతే అది కాడ్మియం, పాప తిన్నది రాగి. వెలిగితే అది రాగి, పాప తిన్నది కాడ్మియం. నెలల తరబడి ఏ వెలుగు కోసం మా అమ్మాయి కాలేజీలో కూర్చుందో, ఆ వెలుగు ఇప్పుడు రాకూడదు. వీధి పొడుగునా దేవుళ్ళందరికీ అదే మొక్కుకున్నాను. నేను మొక్కే మనిషిని కాను.

అంగడికి చేరేసరికి కరెంటు లేదు. పగలు కోతలు మామూలే. శెట్టి గల్లా దగ్గర విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"ఏమన్నా, కూతుర్ని ఎంటేసుకోని వచ్చినావు, చీరలకా?" అన్నాడు.

"నోట్ల దీపం కావాలప్పా. ఇప్పుడే."

"ఓహో, దొంగనోటు దొరికినాదా? ఎవడన్నా రైతు తీగ చుట్టినందుకు ఇచ్చినాడేమో! వాని మోటారు మళ్ళీ కాల్చేయ్ అన్నా!"

"శెట్టీ, బిడ్డ ప్రాణం మీదికి వచ్చింది."

శెట్టి విసనకర్ర కింద పెట్టాడు. ఇంకొక్క మాట అడగలేదు. వెనక ఉన్న చిన్న జనరేటరు దగ్గరికి తీసుకుపోయాడు. తాడు పట్టి లాగాను. అది దగ్గి ఊరుకుంది. ఎన్ని మోటార్లు బాగుచేసిన చేతులో ఇవి! ఆ తాడును సరిగ్గా పట్టుకోలేకపోయాయి. శెట్టి నన్ను పక్కకు జరిపి తనే లాగాడు. అంటుకుంది.

సరుకు దించే వెనకగదిలోకి పోయి తలుపు మూశాం. మధ్యాహ్నపు వెలుగు తలుపు సందుల్లోంచి వస్తుంటే శెట్టి పంచె ఒకటి అడ్డం కట్టాడు. దీపం వేశాడు. గది అంతా ఒక్కసారి లేచి నిలబడినట్టయింది. కొత్త పంచెల కట్టలు, లుంగీల అంచులు, నా చొక్కా, శెట్టి పళ్ళు, అన్నీ నీలంగా మెరిశాయి. కొత్త గుడ్డకు మిల్లులో పూసే తెలుపు అట్లా వెలుగుతుందని నాకు తెలుసు. తెలిసినా లాభం లేకపోయింది. అన్నీ వెలుగుతున్నాయి, ఈ ఒక్కటి వెలగకుండా ఉంటుందా?

"నీలం గుడ్డలది నాయనా," అంది అమ్మాయి, నాకు చెప్పినట్టు కాదు, తనకు చెప్పుకున్నట్టు. "నీలం లెక్కలోకి రాదు. ఆకుపచ్చ ఉండకూడదు."

పొట్లం దీపం కిందికి తెచ్చి విప్పింది. మొదటి మడత. రెండో మడత. కాగితం కూడా నీలంగా వెలిగింది. చివరి మడత తీసేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. అంత పిరికిపని నా బతుకులో ఇంకోటి చేయలేదు.

"భలే ఉండాదన్నా!" అన్న శెట్టి గొంతు వినపడింది. "పచ్చగా, పచ్చి వరిమడి మాదిరి! ఏం పొడి ఇది? నా అద్దాల పెట్టెలో పెడితే బజారంతా ఈడే నిలబడతాది!"

కళ్ళు తెరిచాను. ఆకుపచ్చ. చుట్టూ ఉన్న నీలాన్ని మింగేసేంత ఆకుపచ్చ. ముందు చూపించినరోజు కూడా అంత బాగా వెలిగినట్టు నాకు గుర్తులేదు.

"ఇది రాగిది నాయనా," అంది అమ్మాయి. పంచెల కట్ట మీద కూలబడిపోయింది. ఏడవలేదు. ఆ పొడినే చూస్తూ ఉంది.

శెట్టికి నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఇంతసేపు పొగిడిన నోటిని చేత్తో మూసుకున్నాడు. బయటికి పోయి తన వ్యాను తాళాలు తెచ్చాడు. "నేనే తోలుతా. అంగడి నా తమ్ముడు చూసుకుంటాడు. పద అన్నా," అన్నాడు. బిడ్డ ప్రాణం అన్న మాట తప్ప ఇంకేమీ అక్కరలేకపోయింది ఆ మనిషికి. ఈనాటికీ ఆయనంటే నాకు తల వంగుతుంది.

బయలుదేరేముందు ఆసుపత్రి ఎదుటి ఫోను బూత్ నుంచి అమ్మాయి కాలేజీకి ఫోను చేసింది. యంత్రం దగ్గరికి ఈరోజు పోలేనని, జరిగింది ఇదని చెప్పింది. అవతల ఆమె పరిశోధనను చూసే పెద్దమనిషి ఏదో అన్నాడు. ఆమె ముఖం చూసి, ఏమన్నాడని అడిగాను. శాంపిల్ ఇంటికెందుకు తీసుకుపోయావు, మిగిలినదైనా భద్రంగా ఉందా, అన్నాడట. ఫోను లాక్కున్నాను.

"అయ్యా, మిగిలింది భద్రంగా ఉండాది. పోయింది మూడేండ్ల బిడ్డ కడుపులో ఉండాది. వచ్చి కొలుచుకో," అని పెట్టేశాను.

ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. మా ఇళ్ళల్లో మడిచిన కాగితంలో తెల్లపొడి కనపడితే అది దేనికి? నా చిన్నతనంలో నాటువైద్యుడిచ్చిన జ్వరం పొడి అట్లాగే ఉండేది. కాంపౌండరు నూరి ఇచ్చిన మాత్ర అట్లాగే ఉండేది. గుడి చక్కెర, చావిడి విభూతి అట్లాగే వచ్చేవి. ఆ మడతలో ఏది ఇంటికొచ్చినా నాలుక మీదికే. తాకకూడని వస్తువును కూడా అదే మడతలో కట్టించి, ఒక సీసా, ఒక బీరువా ఇవ్వలేని చోట పిల్లలను పరిశోధన చేయమన్నారు. నవ్వాలంటే ఆ పద్ధతిని చూసి నవ్వండి.

పెనుకొండ దాటేదాకా పాప అమ్మాయి ఒడిలో మగతగా పడి ఉంది. చేతికి సూది అట్లాగే ఉంది. సెలైను సీసాను నేను పైకెత్తి పట్టుకున్నాను. చుక్క పడుతోందా, ఊపిరి ఆడుతోందా, ఈ రెండే చూశాను. రోడ్డు పక్కన ఎండిన వేరుశనగ చేలు పోతూనే ఉన్నాయి. ఒకచోట పాప ఒళ్ళు విరుచుకుని మళ్ళీ వాంతి చేసుకుంది. "రానీ, రానీ, బయటికి రానీ," అన్నాడు శెట్టి ముందునుంచి, బండి పక్కకు తీసి ఆపుతూ. మా ఇంటామె వెనకసీట్లో మూలకు ఒదిగి ఉంది. ఊరు దాటిన తర్వాత ఆమె అన్నది ఒక్క మాటే.

"నా చెయ్యి దానికి తగలనీయొద్దండి."

బెంగళూరు ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ కన్నడమనిషి. రక్తం తీశారు, మూత్రం పట్టారు. అల్లుడు మరునాడు వచ్చాడు, గోడకానుకుని నిలబడ్డాడు, ఎవరినీ ఒక మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. పరీక్షలు వచ్చిన తరువాత డాక్టరమ్మ పాప బుగ్గ గిల్లి, "మగు చెన్నాగిదె," అంది. బిడ్డ బాగుంది.

బాగుంటే సరిపోతుందా? నేను వదలలేదు. ఎంత బయటికి పోయింది, ఎంత లోపల ఉంది, అని అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. వాంతుల్లో చాలావరకు పోయి ఉంటుంది. కడుపు ఆ లోహాన్ని తొందరగా పీల్చుకోదు. పీల్చుకున్న కొంచెం మూత్రపిండాల్లో చేరుతుంది, చాలా ఏళ్ళు ఉంటుంది, అంత కొంచెంతో ఏమీ కాకపోవచ్చు. ఏడాదికొకసారి మూత్రం పరీక్ష చేయించండి.

"కాకపోవచ్చు అంటే?"

"కాదనే నా నమ్మకం, తాతా," అంది ఆమె, తెలుగులోనే.

నమ్మకం. నేను ఇంతకాలం పుస్తకాల్లో వెతుక్కున్నది నమ్మకాన్ని కాదు. ఆ లోహం అణువులు ఆ చిన్న ఒంట్లో ఎక్కడ కూర్చున్నాయో చూపించే దీపం ఏ అంగట్లోనూ లేదు, బెంగళూరులోనూ లేదు.

శెట్టి అంతకుముందే వెనక్కి పోయాడు. మేము బస్సులో తిరిగి వచ్చాం. పాప కిటికీ కావాలని ఏడ్చింది, ఇచ్చాం. ఆకలి అంది. చిక్కబళ్ళాపురంలో బొరుగుల పొట్లం కొన్నాను. దాన్ని విప్పడానికి నా చేతులు రాలేదు. అమ్మాయే విప్పింది. తిని, నీళ్ళు తాగి, పాప తిన్నగా మా ఇంటామె ఒళ్ళోకి ఎక్కింది. ఆమె చేతులు రెండూ గాల్లోకి ఎత్తేసింది, నిప్పు తగిలినట్టు. పాప ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని కిందికి లాగి, తన కడుపు మీద పెట్టుకుని నిద్రపోయింది. చాలాసేపటికి ఆ చెయ్యి మెల్లగా జో కొట్టడం మొదలుపెట్టింది.

నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తున్నాను. పాప పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఒకసారి లేవడం ఆలస్యమైనట్టు తోచి సీటు మీదినుంచి వంగాను. మళ్ళీ లేచింది.

"అట్ల గుడ్లప్పగించి చూడొద్దప్పా," అంది మా ఇంటామె. "దిష్టి తగుల్తాది బిడ్డకు."

సరేనని ముందుకు తిరిగాను. కొంచెం దూరం పోయాక మళ్ళీ వెనక్కి చూశాను.